సైక్లోహెక్సేన్ విభాగంలో చేరబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

కాప్రోలాక్టమ్ కర్మాగారంలో, అందులోనూ సైక్లోహెక్సేన్ అనే మండే ద్రవాన్ని గాలితో కలిపి మార్చే ఆక్సిడేషన్ విభాగంలో, షిఫ్టు ఇంజనీరుగా చేరుతున్నావని అక్కయ్య ఫోనులో చెప్పగానే ఎంతో సంతోషించాను.

ఆ సైక్లోహెక్సేన్‌ నుంచి సైక్లోహెక్సనోన్, దాని నుంచి కాప్రోలాక్టమ్, చివరకు మన జాలర్ల వలలకూ టైర్లకూ వాడే నైలాన్-6 తయారవుతాయని నీవు చదువుకున్నదే. అయితే రియాక్టర్ల గుండా ఒకసారి వెళ్లినప్పుడు నూటికి కొద్ది వంతులే మారి, మిగతాదంతా మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది గనుక, టన్నులకొద్దీ ద్రవం తన మరుగు స్థానమైన 81 డిగ్రీలకు ఎంతో పైన, కేవలం పీడనం వల్లనే ద్రవంగా నిలిచి ఉంటుందన్న సంగతి ఎప్పుడూ మనసులో ఉంచుకో. గొట్టం తెగితే అది క్షణాల్లో ఆవిరి మేఘమవుతుంది, గాలిలో 1.3 శాతం ఉన్నా అంటుకుంటుంది. గాలి కంటే దాదాపు మూడు రెట్లు బరువు కాబట్టి నేలబారున పాకి కాలువల్లో చేరుతుంది. పీల్చితే తల తిరిగి మత్తు కమ్ముతుంది.

1974 జూన్ 1న ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరోలో, ఇలాంటి కర్మాగారంలోనే, ఇదే జరిగింది. చిన్న లీకును అదుపు చేయడానికి పోసిన చల్లని నీళ్లలోని నైట్రేట్ల వల్ల, వరుసగా ఉన్న ఆరింటిలో అయిదో రియాక్టరు ఉక్కు పగిలింది. దాన్ని తీసివేసి, నాలుగో రియాక్టరుకూ ఆరోదానికీ మధ్య 20 అంగుళాల వంకర గొట్టాన్ని, రెండు చివరలా ముడతలతో సాగే గొట్టాలైన బెలోస్‌తో బిగించారు. దానికి సరైన డ్రాయింగు లేదు, వర్క్‌షాపు నేల మీద సుద్దతో గీసిన బొమ్మ తప్ప. ఆ వంకర మీదా బెలోస్ మీదా పడే బలాలకు లెక్కలూ కట్టలేదు. రెండు నెలలకు అది తెగి 28 మంది చనిపోయారు, వారిలో 18 మంది కంట్రోల్ రూములోనే. ఆ రోజు శనివారం గనుక ఆఫీసు సిబ్బంది చాలామంది ప్రాణాలతో మిగిలారు.

అందుకే నీ షిఫ్టులో ఎవరైనా “రెండు రోజులకే కదా” అంటూ గొట్టం మార్చమంటే, ఉత్పత్తి ఆగుతోందని పైవారు ఎంత కోప్పడినా సరే, డ్రాయింగూ లెక్కలూ వాటి మీద బాధ్యుల సంతకాలూ చూడనిదే ఒప్పుకోవద్దు. ట్యాంకరు దించేటప్పుడు విద్యుత్తును నేలలోకి పంపే ఎర్తు క్లిప్పు రంగు మీద కాక ఒట్టి లోహం మీద పట్టిందో లేదో నీ కళ్లతో చూడు. ఈ ద్రవం పారేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు సులభంగా పోదు, దాని నిప్పురవ్వ ఆవిరిని అంటించగలదు.

చేరిన మొదటి వారంలోనే డ్రాయింగు చేత పట్టుకుని లైను వెంట నడువు. కాగితం మీద లేని వాల్వు గానీ, గొట్టం గానీ కనిపిస్తే ఆ రోజే లాగ్‌బుక్కులో రాయి.

ఇట్లు,
మీ మామయ్య