సొర తీగ నిండా పూలే, కాయ ఒక్కటీ లేదు. యూరియా వేయాలా?

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. తిరుపతిలో మూడో అంతస్తు మిద్దె మీద, ఫిబ్రవరి చివర్లో పెద్ద బకెట్టులో సొర విత్తారు. ఏప్రిల్ నడిమికి తీగ పందిరంతా అల్లుకుంది. రోజూ తెల్లపూలు విరగబూస్తున్నా, అరాకొరా వచ్చిన పిందెలు పసుపు తిరిగి రాలిపోతున్నాయి. రెండుసార్లు యూరియా వేశారు, మళ్ళీ వేయాలా అని అడుగుతున్నారు. వేయకండి. ఇప్పుడున్న చిక్కులో చాలా భాగం దానివల్లే.

ముందు పూలను తిప్పి చూడండి. పొడుగాటి సన్నటి కాడ మీద ఒంటిగా నిలబడితే మగపువ్వు, రేకుల కింద నూగుతో చిన్న పిందె ఉంటే ఆడపువ్వు. పూత మొదలైన పది పదిహేను రోజులు మగపూలే రావడం సొరకు సహజం. ఆ తర్వాత కూడా పది పదిహేను మగపూలకు ఒక ఆడపువ్వు కనిపిస్తే తీగ బాగానే ఉన్నట్టు. నెల దాటినా అంతకన్నా తగ్గితే మాత్రం మట్టిలోనో ఎండలోనో తేడా ఉంది.

మొగ్గ మగదా ఆడదా అన్నది విత్తనంతోనే ఖాయమైపోదు. మొగ్గ కంటికి కనపడనంత చిన్నగా ఉన్నప్పుడు రెండింటికీ అవకాశం ఉంటుంది. తీగలోనే తయారయ్యే హార్మోన్లలో ఇథిలీన్ ఎక్కువైతే ఆడపువ్వు వైపు, జిబ్బరెల్లిన్ ఎక్కువైతే మగపువ్వు వైపు మొగ్గుతుంది. వేడి రాత్రులు, పొడుగు పగళ్ళు, మితిమీరిన నత్రజని (యూరియా ఇచ్చేది అదే), చాలని వెలుతురు, ఇవన్నీ మగపూలనే పెంచుతాయి. తిరుపతిలో డిసెంబరు పగటికీ జూన్ పగటికీ తేడా గంటన్నరే కాబట్టి పగటి పొడవును పెద్దగా తప్పుపట్టలేం. ఇక్కడ దెబ్బ తీసేది వేడి, అందులోనూ రాత్రి వేడి. పగలంతా కాగిన సిమెంటు స్లాబు అర్ధరాత్రి దాకా సెగ వదులుతూనే ఉంటుంది. బకెట్టు నేరుగా దాని మీద ఉంటే వేళ్ళకు చల్లదనమే దొరకదు.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఈ రోజు పూసిన పువ్వు రెండు మూడు వారాల కిందటి పరిస్థితికి జవాబు. కాబట్టి ఇవాళ దిద్దుబాటు చేసి, నాలుగో రోజుకే లాభం లేదని ఇంకో మందు పోయకండి. ఎక్కువ తీగలు ఈ తొందరలోనే పాడవుతాయి.

బకెట్టును నాలుగు ఇటుకల మీదికి ఎత్తండి. మట్టి మీద మూడు నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులో, కొబ్బరి పీచో పరచండి. 20 లీటర్ల బకెట్టు సొరకు ఇరుకు. వచ్చే విడతకు 18 అంగుళాల లోతు, వెడల్పు ఉన్న గ్రో బ్యాగులో ఒక్క మొక్కే పెట్టండి. నీళ్ళు పొద్దున్నే అడుగు నుంచి కారేదాకా పోయండి, సాయంత్రం మట్టిలో వేలు పెట్టి చూసి పొడిగా ఉంటే మళ్ళీ పోయండి. మిట్టమధ్యాహ్నం ఆకులు వాడి చీకటిపడేలోగా తేరుకుంటే భయం లేదు. పువ్వు విచ్చే వేళకి కూడా వేలాడుతూనే ఉంటే పిందె నిలవదు. షేడ్ నెట్ 35 శాతం ఎండను ఆపేదే కట్టండి. 75 శాతం నెట్ కింద తీగ పచ్చగా, ఏపుగా ఉంటుంది కానీ ఆడపూలు ఇంకా తగ్గుతాయి.

యూరియా, పేడనీళ్ళు, వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు, అన్నీ మూడు వారాలు ఆపండి. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ లీటరు నీటికి 5 గ్రాములు కలిపి ఆకుల మీద పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టండి. పొటాష్ కోసం బూడిద వేసే అలవాటుంటే, బోరు నీళ్ళు వాడేవాళ్ళు తక్కువగానే వేయాలి, ఉప్పునీళ్ళకు అది తోడైతే మట్టి చవుడుబారుతుంది. బోరాక్స్ లీటరుకు 3 గ్రాములు కొడితే ఆడపూలు పెరుగుతాయన్నది నిజమే, కానీ అది 2–4 ఆకుల మొక్కకి. మీ తీగ ఆ వయసు దాటిపోయింది. బకెట్టు మట్టిలో బోరాక్స్ పోస్తే ఆకు అంచులు మాడడం తప్ప మిగిలేదేమీ లేదు.

సొరలో మొదటి తీగ మీద ఎక్కువగా మగపూలే వస్తాయి, ఆడపూలు పక్క కొమ్మల మీద, వాటి నుంచి పుట్టిన పిల్ల కొమ్మల మీద వస్తాయి. అందుకని తీగ పందిరికి చేరగానే కొన గిల్లాలి. పక్క కొమ్మలను కూడా 10–12 ఆకులు వచ్చాక గిల్లాలి. ఇప్పుడైనా సాయంత్రం పూట, రోజుకు రెండు మూడు కొనల చొప్పున గిల్లండి. ఈ ఎండలో ఒక్కసారే అన్నీ కత్తిరిస్తే తీగ తట్టుకోలేదు.

ఇక రాలిపోతున్న పిందెల సంగతి. అవి కొన నుంచి పసుపు తిరిగి ముడుచుకుపోతుంటే పుప్పొడి అందలేదని అర్థం. సొర పువ్వు సాయంత్రం విచ్చి తెల్లారేసరికి వాడిపోతుంది. దాని దగ్గరకు తేనెటీగల కన్నా ఎక్కువగా వచ్చేవి రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు. మూడో అంతస్తుకు అవి వచ్చేది తక్కువే, మిద్దె మీద లైటు వెలుగుతూ ఉంటే దాని చుట్టూనే తిరుగుతాయి. పూత ఉన్నన్నాళ్ళు ఆ లైటు ఆర్పేయండి, మిగతా పని మీ చేత్తో చేయండి.

సాయంత్రం నాలుగింటికే చూస్తే ఆ రాత్రి విచ్చే మొగ్గల కొనలు తెల్లగా తేలి ఉంటాయి. ఆరున్నర, ఎనిమిది మధ్యలో అప్పుడే విచ్చిన మగపువ్వును కాడతో కోసి వేలితో తాకండి. పసుపు పొడి అంటితే పనికొస్తుంది. పొడి రాలకుండా ఎండిపోయి ఉంటే వేడికి దెబ్బతిన్నట్టు, అలాంటప్పుడు ఆకుల నీడలో పూసిన పువ్వును వెతకండి. రేకులు తీసేసి, ఆడపువ్వు నడిమిన మూడు పాయలుగా ఉన్న కీలాగ్రానికి మెల్లగా అద్దండి. మూడు పాయలకూ అంటాలి. ఒకదాన్ని వదిలేస్తే కాయ ఒకవైపే ఊరి వంకరపోతుంది. ఒక మగపువ్వు రెండు ఆడపూలకు చాలు. ఆ పూట పూల మీద నీళ్ళు చల్లకండి, తడి తగిలితే పుప్పొడి పగిలిపోతుంది. మూడు నాలుగు రోజుల్లో పిందె నిగనిగలాడుతూ కిందికి వంగితే పట్టినట్టే.

పిందె మీద జిగురు చుక్క, చిన్న గుచ్చు కనిపిస్తే అది పండు ఈగ పని. దానికి పూలతో సంబంధం లేదు. అలాంటి పిందెను కోసి నీళ్ళలో ముంచేసి, మిగతావాటికి అద్దిన మర్నాడే గుడ్డ సంచి తొడగండి.

బీర, పొట్ల కూడా సాయంత్రం విచ్చేవే. కాకర, గుమ్మడి, దోస పొద్దున్నే విచ్చుతాయి, వాటికి ఎనిమిది లోపే అద్దాలి. వేపనూనె కొట్టడం కూడా ఈ వేళలను చూసుకునే చేయాలి. సొరకు తెల్లవారాక పూలు వాడినప్పుడు, గుమ్మడికి సాయంత్రం. ఆకాకర దారి వేరు. మగ, ఆడ మొక్కలే విడివిడిగా ఉంటాయి కాబట్టి ఒక్క మొక్క పెట్టుకుని ఎదురుచూస్తే కాయదు.

కాయ పట్టిన 12–15 రోజులకు, గోరు సులువుగా దిగేటప్పుడే కోసేయండి. ఒక్క కాయ ముదిరినా, తీగ బలమంతా దాని గింజలకే పోయి కొత్త పిందెలు ఆగిపోతాయి. విత్తనానికి కావాలంటే సీజను చివరి కాయను వదలండి. వచ్చే ఏడాది వేసవి సొరను డిసెంబరు చివర, మహా అయితే జనవరి మొదటి పక్షంలో విత్తండి. పూత ఫిబ్రవరి చివరికే మొదలవుతుంది, రాత్రులు ఇంకా చల్లగా ఉన్నప్పుడే ఆడమొగ్గలు పడతాయి.