ఓడే గుర్రం మీదా పందెమేనా?

ప్రశ్న: మా తమ్ముడి కొడుకు లండన్‌లో చదువుతున్నాడు. అక్కడ ఫలానా గుర్రం గెలవదని కూడా పందెం కాయొచ్చట. "బుకీ ఉండడు పెదనాన్నా, ఎక్స్ఛేంజీ" అంటాడు. బుకీ లేకపోతే డబ్బెవరిస్తారండీ?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఓడినవాడే ఇస్తాడండీ. పాలకొల్లు వారికి ఇది నేను చెప్పాలా? సంక్రాంతికి బరి చుట్టూ పైపందేలు చూసే ఉంటారు. ఒకాయన డేగ మీద పదివేలని చెయ్యెత్తుతాడు, అవతల నిలబడ్డాయన సరేనంటాడు. పందెం వాళ్లిద్దరి మధ్యే. ఎక్స్ఛేంజీలో ఆ ఇద్దరినీ కంప్యూటరు కలుపుతుంది, ఇద్దరి డబ్బూ ముందే పట్టి ఉంచుతుంది. ఓడాక జనంలో కలిసి జారుకునే వీలుండదు. బెట్‌ఫెయిర్ 2000లో ఇంగ్లండ్‌లో మొదలై ఈ పద్ధతికి పేరు తెచ్చింది.

గుర్రం ధర 5 అనుకుందాం. ధరంటే గుర్రం ఖరీదు కాదండోయ్, గెలిస్తే కాసిన ప్రతి పౌండుకూ అసలుతో కలిపి ఎన్ని పౌండ్లొస్తాయో ఆ లెక్క. గెలుస్తుందని 10 పౌండ్లు కాయడం 'బ్యాక్'. గెలిస్తే అసలుతో కలిపి 50, అంటే లాభం 40. గెలవదని ఎదురు కాసేది 'లే'. ఆ 40 ఇతని ఖాతాలో ముందే ఉండాలి. గుర్రం ఓడితే ఇతనికి దక్కేది ఆ 10 పౌండ్లే. గెలిచినవాడి లాభంలోంచి ఎక్స్ఛేంజీ కమీషన్ కోసుకుంటుంది. ఏ గుర్రం గెలిచినా దానికి టెన్షన్ లేదు.

కుర్రాళ్లు బోల్తా పడేది 'లే' దగ్గరే. ధర 20 ఉన్న గుర్రం ఎలాగూ గెలవదు కదా, 10 పౌండ్లు ఊరికే వస్తాయనుకుంటారు. అది గెలిచిందా, 190 పోయినట్టే! మీవాడు ఏ వైపు కాస్తున్నాడో ఓసారి అడగండి.

జోడీ కుదిర్చేటప్పుడు మంచి ధర ఇచ్చినవాడిది ముందు. ధర ఒకటే అయితే ముందొచ్చినవాడిది ముందు. 10 పౌండ్లకు ఎదురు 6 మాత్రమే దొరికితే ఆ 6కే పందెం ఖాయం, మిగతా 4 వరుసలో ఆగుతాయి. ఎవరూ రాకపోతే ఆ 4 వెనక్కొస్తాయి. మలక్‌పేట రేసుకోర్సులో టోట్ పద్ధతి వేరు. అందరి డబ్బూ ఒకే రాశిలో పోసి, కోత పోగా గెలిచినవాళ్లకు పంచుతారు. ఎంతొస్తుందో కాసేటప్పుడు ఖాయంగా తెలియదు. ఎక్స్ఛేంజీలో జోడీ కుదిరిన క్షణానే ధర ఖాయం.

ఇదంతా అక్కడి ముచ్చట. మన రాష్ట్రంలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఆ యాప్ తెరవొద్దని చెప్పండి.