మోటారు ఆపేశాక కూడా

చిరంజీవి చిట్టితల్లికి, పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. నువ్వు రంగులు వేసే స్ప్రే యంత్రం కొన్నావని, ఇంటి గోడలూ తలుపులూ ఎవరినీ పిలవకుండా నీ చేతులతో నువ్వే వేసుకుంటానంటున్నావని చెప్పాడు. గర్వాన్ని దాచుకుందామని చూశాడు కానీ వాడి వల్ల కాలేదు. నాకూ సంతోషమే కలిగింది. ఫోను పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. నీకు చేతకాదని కాదు తల్లీ, పట్టుకున్న పని వదలని పిల్లవు నువ్వు. ముప్పై ఎనిమిదేళ్లు రంగుల మధ్య బతికినవాణ్ని కనుక ఆ యంత్రం ఏం చేయగలదో నాకు తెలుసు. ఫోనులో చెబితే "అలాగే పెదనాన్నా" అని మరో పనిలో పడిపోతావు. అందుకే తెల్లవారకముందే లేచి రాస్తున్నాను. ఈ కాగితాన్ని యంత్రం పక్కనే పెట్టుకో.

ఈ యంత్రాలలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒకటి గాలి ఊది రంగును తుంపర చేస్తుంది. అందులో ఇళ్లకు వాడే తక్కువ పీడనం రకంలో (HVLP) మూతి దగ్గర పీడనం చదరపు అంగుళానికి 10 పౌన్లు దాటదు. రెండోదానిలో గాలి పని లేదు. పంపు రంగునే పట్టి సన్నని రంధ్రంలోంచి బయటికి తోస్తుంది. దాన్ని ఎయిర్‌లెస్ అంటారు. బకెట్లోకి దించే పైపు, పొడవాటి గొట్టం, చివర గన్ ఉన్నాయని మీ నాన్న చెప్పాడు. అంటే నీది రెండో రకం. అందులో పీడనం చదరపు అంగుళానికి 3000 పౌన్ల దాకా వెళ్తుంది. కారు టైరులో ఉండేది 30, 35 పౌన్లు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి ఆలోచించు.

గోడ సిద్ధం చేయడం నీకు తెలిసిందే: గీకు, పుట్టీ పెట్టు, గరుకు కాగితం పట్టు, దులిపి ప్రైమర్ వెయ్యి. బాగా పాతకాలపు రంగయితే అందులో సీసం ఉండవచ్చు, పొడిగా గీకి ఆ దుమ్ము లేపకు. కిటికీలను, స్విచ్చులను, నేలను జాగ్రత్తగా కప్పి ఉంచు. రంగును సన్నని జాలీలో వడపోయకుండా యంత్రానికి ఇవ్వకు. ఒక్క ఎండిన పెచ్చు చాలు, టిప్, అంటే గన్ చివర సన్నని రంధ్రమున్న ముక్క, మూసుకుపోవడానికి.

టిప్ మూసుకుపోవడం గురించే నేను నీకు చెప్పవలసింది ఉంది.

మీ నాన్న ఎడమచేతి చూపుడు వేలు సగమే ఉంటుంది కదా. నువ్వు నడక నేర్చింది ఆ సగం వేలు పట్టుకునే. పనిలో దెబ్బ తగిలిందని నీకు చెప్పాం. అది నిజమే. ఎవరి వల్ల తగిలిందో మాత్రం వాడు నీకు చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు.

అప్పటికి వాడికి ఇరవై నాలుగేళ్లు. నా దగ్గర పని నేర్చుకుంటున్నాడు. ఒక గిడ్డంగిలో ఇనుప దూలాలకు ఎనామిల్ వేస్తున్నాం. సాయంత్రంలోగా ముగిస్తానని మాట ఇచ్చి నేను తొందరలో ఉన్నాను. గన్ మూతికి చేతులు అడ్డం పెట్టకుండా ప్లాస్టిక్ గార్డు ఒకటి ఉంటుంది. దాని మీద రంగు పేరుకుని చుక్కలు పడుతున్నాయని ఆ ఉదయమే నేను దాన్ని పీకి పక్కన పడేశాను. మధ్యాహ్నం రెండింటికి టిప్ మూసుకుపోయింది. నేను మోటారు స్విచ్చు ఆపి, "ఆపేశానురా, టిప్ తుడిచెయ్యి" అన్నాను. అన్నయ్య ఆపేశానన్నాడు కనుక వాడు నమ్మాడు. ఎడమ వేలితో మూతి తుడుస్తుంటే, గన్ పట్టుకున్న కుడిచెయ్యి ట్రిగ్గర్ మీద బిగుసుకుంది.

మోటారు ఆగింది కానీ గొట్టంలో పీడనం ఎక్కడికీ పోలేదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. తెలిసీ తొందరలో వదిలేశాను.

టప్పుమని చిన్న చప్పుడు, అంతే. వేలి కొన మీద సూది గుచ్చినంత గుర్తు. నెత్తురు ఒక్క బొట్టు. "నొప్పి లేదన్నయ్యా" అన్నాడు. అప్పుడు నేను రెండో తప్పు చేశాను. థిన్నర్‌తో తుడిపించి, గుడ్డ చుట్టించి, మళ్లీ పనిలోకి దించాను. ఆరింటికి వేలు ఉబ్బి, పాలిపోయి, మొద్దుబారింది. రాత్రంతా నొప్పితో కూర్చునే ఉన్నాడు. మర్నాడు పదింటికి కానీ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. ఇరవై గంటలు. ఆ రంగు వేలిలోనే ఆగలేదు. నరం వెంట అరచేతి దాకా పాకిపోయింది. ఎనామిల్‌లోని ద్రావకం లోపలి కండను తినేసింది. రెండుసార్లు కోసి శుభ్రం చేశారు, మూడోసారి సగం వేలు తీసేశారు. "నిన్ననే తెచ్చి ఉంటే" అని డాక్టరు మాట మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాడు.

గార్డు తీసింది నేను. తొందరపెట్టింది నేను. తుడవమన్నది నేను. వాడు ఈనాటికీ నన్ను ఒక్క మాట అనలేదు.

అందుకని విను. యంత్రం పక్కన పెట్టే ప్రతిసారీ, అయిదు నిమిషాల కోసమైనా సరే, టిప్ ముట్టుకునే ముందు ప్రతిసారీ ఇలా చెయ్యి. మోటారు ఆపి ప్లగ్గు పీకు. పీడనం తిప్పే బొత్తాన్ని పూర్తిగా తగ్గించి, ప్రైమ్ వాల్వు, అంటే పంపులోని బలాన్ని బయటికి వదిలే వాల్వు, తెరువు. గన్‌ను ఇనుప బకెట్ అంచుకు ఆనించి, లోపలికి ట్రిగ్గర్ నొక్కి, రంగు రావడం ఆగేదాకా పట్టుకో. తర్వాత ట్రిగ్గర్ లాక్ వెయ్యి. మళ్లీ పని మొదలుపెట్టేదాకా ఆ వాల్వు తెరిచే ఉండాలి. టిప్ పూర్తిగా మూసుకుపోతే బకెట్లోకి నొక్కినా గొట్టంలో బలం అలాగే ఉండిపోవచ్చు. అలాంటప్పుడు గార్డు నట్టును చాలా నెమ్మదిగా, కొద్దికొద్దిగా వదులు చెయ్యి. అయితే టిప్ మూసుకోగానే, ఇదంతా చేసే ముందు, ట్రిగ్గర్ లాక్ వేసి, మూతికి వేలు తగలకుండా పిడితో టిప్‌ను వెనక్కి తిప్పి, లాక్ తీసి, పారేసే అట్ట మీదికి ఒకసారి నొక్కి చూడు. చాలాసార్లు అడ్డం దానికదే పోతుంది, మూతి తాకే అవసరమే రాదు. గార్డు లేకుండా ఒక్క క్షణం కూడా వాడకు. చేతి తొడుగు ఉంది కదా అనుకోకు, ఆ ధార తొడుగునూ చీల్చుకుని పోతుంది. గొట్టం కారుతుంటే చేత్తో మూయకు. గన్‌ను సరదాకు కూడా మనిషి వైపు తిప్పకు, ఇంట్లో పిల్లలుంటే ఆ రోజు వాళ్లను వేరేచోట ఉంచు.

అంత చేసినా ఎప్పుడైనా చర్మంలోకి ధార దిగితే, నొప్పి ఉన్నా లేకపోయినా, అది గాయం కాదు, ఆపరేషను అవసరమయ్యే ప్రమాదం. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లు. పిండకు, వేడినీళ్లలో పెట్టకు, కట్టు బిగించకు. రంగు డబ్బా మీది చీటీ వెంట తీసుకెళ్లు. "అధిక పీడనంతో పెయింటు లోపలికి వెళ్లింది, చేతి సర్జన్ చూడాలి" అని ఈ మాటలతోనే చెప్పు. చుక్కంత గుర్తు చూసి అక్కడ ఎవరైనా సూదిమందు ఇచ్చి పంపించేస్తామంటే కదలకు. ఈ విషయంలో గంటలే లెక్క.

ఇక నిప్పు సంగతి. గోడలకు నీళ్లతో కలిపే ఎమల్షన్ అయితే ఈ భయం తక్కువ. తలుపులకు ఎనామిల్ అనుకుంటే మాత్రం ఆ థిన్నర్ ఆవిరి గాలి కన్నా బరువు, నేల వెంట పాకి పక్కగదిలో నిప్పును వెతుక్కుంటుంది. గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, స్విచ్చు రవ్వ, ఏదైనా చాలు. ఎదురెదురు కిటికీలు తెరువు. పంపులోని మోటారు కూడా రవ్వలు చిమ్ముతుంది కనుక దాన్ని గది బయట, రంగు వేసే చోటికి కనీసం ఆరు మీటర్ల దూరంలో పెట్టు. పొడవాటి గొట్టం అందుకు పనికొస్తుంది. రంగు గొట్టంలో పరుగెత్తుతుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తు భూమిలోకి దిగాలంటే మూడో పిన్ను ఉన్న ఎర్త్ ప్లగ్గే కావాలి. సాకెట్లో పట్టడం లేదని ఆ పిన్ను విరవకు. ఎక్స్‌టెన్షన్ తీగ మందమైనదే తీసుకో. థిన్నర్‌తో కడిగేటప్పుడు ప్లాస్టిక్ బకెట్ వద్దు. పెట్రోలుతో కడగమని ఎవరైనా సలహా ఇస్తే వాళ్ల మాట వినకు.

మాస్కు గురించి మీ నాన్నకు నేను వేరే చెప్పాను. ముఖానికి గుడ్డ కట్టుకుంటే సరిపోదు. దుమ్ము మాస్కు తుంపరను ఆపుతుంది కానీ ఆవిరిని ఆపలేదు. ఎనామిల్‌కు ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బీలు (కాట్రిడ్జులు), వాటి ముందు తుంపర ఆపే వడపోత ఉన్న మాస్కే కావాలి. లోపల రంగు వాసన తగిలిందంటే కాట్రిడ్జు అయిపోయినట్టో, మాస్కు సరిగా అతకనట్టో. రెండు డబ్బాలు కలిపి గట్టిపడేలా చేసే రంగుల జోలికి నువ్వు ఇంట్లో వెళ్లకు. వాటిలో కొన్నిటి తుంపర ఊపిరితిత్తులకు శాశ్వతంగా ఆయాసం తెస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి.

నువ్వు నాలుగేళ్ల పిల్లవుగా ఉన్నప్పుడు పాత బ్రష్షు నీళ్లలో ముంచి మా గోడంతా రాసేదానివి. రాసింది ఎండి మాయమైపోతే ఏడ్చేదానివి. మళ్లీ రాయమని నేను నీళ్లు తెచ్చి ఇచ్చేవాణ్ని. ఇప్పుడూ మొదట అదే చెయ్యి. యంత్రంలో నీళ్లు పోసి పెద్ద అట్ట మీద ఒక పూటంతా కొట్టి చూడు. గన్ గోడకు ముప్పై సెంటీమీటర్ల దూరంలో, ఏ పక్కకూ వాలకుండా సూటిగా గోడకు ఎదురుగా ఉండాలి. మణికట్టు తిప్పుతూ విసిరావంటే మధ్యలో మందం, అంచుల్లో పలచన వస్తుంది. చెయ్యి కదలడం మొదలయ్యాకే ట్రిగ్గర్ నొక్కు, ఆగకముందే వదులు. ప్రతి వరుసా ముందు వరుసను సగం కప్పాలి. టిప్ మీద 517 అని ఉంటే మొదటి అంకెను రెట్టించు, గోడ మీద పడే రంగు పట్టీ వెడల్పు పది అంగుళాలు. తర్వాతి రెండంకెలు రంధ్రం, అంగుళంలో వెయ్యింట పదిహేడు వంతులు. గోడకు అది సరిపోతుంది, తలుపులకు 310 లేదా 312 తీసుకో. అంచుల్లో గీతలు కనిపిస్తుంటే పీడనం కొద్దిగా పెంచు, గీతలు పోగానే అక్కడే ఆపు. నిచ్చెన మీద ఉంటే జాగ్రత్త, ట్రిగ్గర్ నొక్కగానే గన్ వెనక్కి తన్నుతుంది.

పని అయిన రోజే కడుగు. అలసిపోయానని రేపటికి వదిలేస్తే గొట్టంలో రంగు రాయి అవుతుంది.

మీ నాన్న ఆ రోజు వచ్చి పక్కన కూర్చుంటానంటున్నాడు. రానివ్వు. ప్రైమ్ వాల్వు తెరిచావా అని పదిసార్లు అడుగుతాడు. విసుక్కోకుండా పదిసార్లూ జవాబు చెప్పు. ఈ ఉత్తరంలో వేలి సంగతి రాశానని వాడికి తెలియదు. చదివాక నువ్వే చూపించు. కోపగించుకుంటే పెదనాన్నే చెప్పమన్నాడని చెప్పు.

తలుపులకు ఏ రంగు అనుకుంటున్నావో ఎవరూ నాకు చెప్పలేదు. రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న