అంచు మడులకూ కుండీలకూ పొట్టి డాలియాలు

ప్రశ్న: నిరుడు డిసెంబరులో నర్సరీ నుండి అడుగు ఎత్తున్న, నిండా పూసిన ఎర్ర డాలియా తెచ్చుకున్నాను. పూత అయ్యాక దుంప దాచి, వానాకాలంలో మొలకెత్తించి, ఆ చిగుళ్ల నుండి తీసిన కొమ్మలను ఈ యేడు గేటు నుండి వరండా దాకా దారి వెంట నాటాను. అవి మూడున్నర అడుగులు పెరిగి దారి మీదికి ఒరిగిపోతున్నాయి. అదే మొక్క ఇలా ఎందుకు మారింది? నిజంగా పొట్టిగా ఉండే రకాలు ఏవి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మొక్క మారలేదమ్మా, నిరుడు మీరు చూసిన ఎత్తే దాని అసలు ఎత్తు కాకపోయి ఉంటుంది. కుండీలో పూలతో అమ్మే డాలియాలకు పెంపకందారులు చాలాచోట్ల పాక్లోబ్యుట్రజోల్, డామినోజైడ్ వంటి మందులు వాడి కాండం సాగకుండా చేస్తారు. మామిడి రైతులు కల్తార్ పేరుతో ఎరిగిన మందులో ఉండేది ఈ పాక్లోబ్యుట్రజోలే. మొక్కలో కాండాన్ని సాగదీసే జిబ్బరెల్లిన్ తయారీని అది తగ్గించడం వల్ల కణుపుల మధ్య దూరం కుదించుకుపోయి, నాలుగడుగుల రకం కూడా అడుగున్నర దగ్గరే ఆగి పూస్తుంది. మందు ప్రభావం తీరిపోయాక వచ్చిన కొత్త కొమ్మలు తమ స్వభావం ప్రకారమే పెరుగుతాయి. అందువల్ల డాలియా కొనేటప్పుడు కంటికి కనిపించే ఎత్తును నమ్మకుండా రకం పేరు అడగండి. పేరు చెప్పలేని చోట కొన్న మొక్కను ఆ ఒక్క సీజనుకు కుండీలో ఆనందించండి గాని, మరుసటి ఏటి అంచు మడికి దాని మీద ఆధారపడకండి.

పూల పరిమాణాన్ని చూసి మోసపోవడం ఇంకొకటి. బంతుల్లా గుండ్రంగా పూసే పాంపాన్ డాలియాల పూలు రెండు అంగుళాలే ఉంటాయి కాబట్టి మొక్క కూడా చిన్నదేనని అనుకుంటారు, కాని వాటిలో చాలా రకాలు మూడు నాలుగు అడుగులు పెరిగి ఊతకర్ర అడుగుతాయి. ముదురు ఆకుల మీద ఎర్రని పూలతో పేరు పొందిన బిషప్ ఆఫ్ లాండాఫ్ కూడా మూడడుగులు దాటుతుంది. అది మడి వెనుక వరుసకు చక్కగా ఉంటుంది, దారి అంచుకు పనికిరాదు.

దారి అంచుకు నేను మొదట చెప్పేది విత్తనంతో పెంచే ఫిగారో. అడుగు, మహా అయితే అడుగుంపావు ఎత్తులో గుబురుగా పెరిగి, ముద్ద పూలు, అరముద్ద పూలు పూస్తుంది. ఆకులో కూడా రంగు కావాలంటే కంచు ఛాయ ఆకులుండే రెడ్‌స్కిన్ వేసుకోండి, అది అడుగున్నర దాకా వస్తుంది. ఈ విత్తనాలు ఎక్కువగా రంగుల మిశ్రమంగానే దొరుకుతాయి కాబట్టి ఎత్తు ఒకేలా ఉన్నా ఏ మొక్కకు ఏ రంగు వస్తుందో ముందుగా తెలియదు. పొడవైన దారి వెంట ఒకే రంగు సాగితే ఉండే అందం కలగాపులగానికి రాదని నా అభిప్రాయం. అలా ఒకే రంగు కావాలంటే దుంపతో గాని కొమ్మతో గాని పెంచే రకాలకు వెళ్లాలి. నెదర్లాండ్స్‌లో రూపొందిన గ్యాలరీ శ్రేణి రకాలు అడుగు నుండి అడుగున్నర లోపే ఉండి ముద్దగా పూస్తాయి. హ్యాపీ సింగిల్ శ్రేణి రెండడుగుల దాకా పెరుగుతుంది. న్యూజిలాండ్‌కు చెందిన కీత్ హామెట్ రూపొందించిన మిస్టిక్ శ్రేణి, నల్లని ఆకులతో, అంతకంటే కొంచెం ఎత్తు పోతుంది గనుక దాన్ని రెండో వరుసలో పెట్టుకోవాలి. ఇవన్నీ మన ఊళ్ల నర్సరీలలో ఎప్పుడూ దొరికేవి కావు. దొరకనప్పుడు ఫిగారో విత్తనమే నమ్మకమైన దారి.

ఒంటి రేకల పూలా, ముద్ద పూలా అన్నది కూడా ఆలోచించుకోండి. ముద్ద పువ్వు మొక్క మీద ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఒంటి రేకల పువ్వు త్వరగా రాలిపోయినా, మధ్యనున్న పుప్పొడి తెరుచుకుని ఉండటం వల్ల తేనెటీగలు దాని మీదికే వస్తాయి. కూరగాయల మడి పక్కన వేసేవారికి నేను ఒంటి రేకల రకాలనే చెబుతాను.

తెలంగాణలో ఆగస్టు చివరి నుండి సెప్టెంబరు మధ్యలోగా విత్తనం వేసి, అక్టోబరు మొదట్లో నారును అడుగు ఎడంతో నాటండి. దారి అంచు నుండి అరడుగు లోపలికి నాటితే నడిచేవారి కాళ్లకు కొమ్మలు తగలవు. ఆలస్యం చేయకండి. పగలు పన్నెండు గంటల కంటే తగ్గిన కొద్దీ డాలియా తన బలాన్ని దుంప వైపు మళ్లిస్తుంది కాబట్టి, నవంబరు చివర నాటిన మొక్క కొమ్మలు సరిగా వేయక నాలుగు పూలతో సరిపెడుతుంది.

ప్రశ్న: విశాఖపట్నంలో అపార్టుమెంటు బాల్కనీలో కుండీలలో డాలియాలు పెంచాలనుకుంటున్నాను. ఎంత కుండీ కావాలి? చిగురు తుంచాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు మీ బాల్కనీకి చలికాలంలో ఎన్ని గంటల ఎండ వస్తుందో చూసుకోండి. ఆరు గంటలు లేకపోతే పొట్టి రకం కూడా కాండం సాగి వాలిపోతుంది, దానికి ఏ ఎరువూ మందు కాదు. ఎండ ఉంటే పది నుండి పన్నెండు అంగుళాల కుండీకి ఒక్క మొక్క చాలు. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి, నీరు దిగడానికి గుప్పెడు ఇసుక చేర్చండి. యూరియా జోలికి పోవద్దు. నత్రజని ఎక్కువైతే ఆకులు మాత్రమే విరగబడి వస్తాయి. మొగ్గ కనిపించాక పొటాష్ ఎక్కువగా ఉన్న ఎరువును పలుచగా ఇవ్వండి.

ఫిగారో, గ్యాలరీ వంటివి తమంతట తామే కొమ్మలు వేస్తాయి కాబట్టి నాలుగు జతల ఆకులు వచ్చినప్పుడు ఒకసారి చిగురు తుంచితే చాలు. ప్రదర్శనల కోసం పెంచే పెద్ద పూల రకాలకు చేసినట్టు పక్క మొగ్గలు తీసేయకూడదు, ఇక్కడ మీకు కావలసింది పూల సంఖ్య. వాడిన పూలను మాత్రం వెంటవెంటనే కోయాలి. రేకలు రాలిన పువ్వు మళ్లీ ముడుచుకుని మొగ్గలాగే కనిపించడం వల్ల చాలామంది అసలు మొగ్గను కోసి, వాడినదాన్ని వదిలేస్తారు. బొత్తంలా గుండ్రంగా, గట్టిగా ఉండేది మొగ్గ. కొన తేలి, పొడవుగా, మెత్తగా ఉండేది వాడిన పువ్వు.

పొట్టి రకాల గుబురులో గాలి ఆడదు. సముద్రపు తేమ తోడైతే బూడిద తెగులు త్వరగా పడుతుంది. అందుకని నీళ్లు ఉదయమే, ఆకులు తడవకుండా మొక్క మొదలు దగ్గర పోయండి. కింది ఆకులను కొన్ని తీసేయండి.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాము. ఇక్కడ అక్టోబరులో మంచు పడగానే డాలియాలు నల్లబడిపోతాయి. కుండీలోని దుంపలను కాపాడుకోవడం ఎలా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఆకులు నల్లబడితే దుంప చనిపోయినట్టు కాదు. కాండాన్ని నాలుగైదు అంగుళాలు ఉంచి కోసి, దుంపలను మొదలుతో సహా తీసి ఆరబెట్టి, పీట్ (నాచు పొడి) లేదా వర్మిక్యులైట్ (తేలికైన ఖనిజపు పొడి)లో పెట్టి, గడ్డకట్టనంత చల్లగా, సుమారు 40 నుండి 45 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండే బేస్‌మెంటులో ఉంచండి. దుంపలను విడదీసేటప్పుడు ప్రతి దానికీ కాండం మొదలు ముక్క, దాని మీద ఒక కన్ను, అంటే మొలక వచ్చే బుడిపె, ఉండాలి, కన్ను లేని దుంప ఎంత లావున్నా మొలవదు. కుండీ చిన్నదైతే దుంపలు తీయకుండా కుండీనే నీళ్లు పోయకుండా అక్కడ ఉంచవచ్చు. మే మధ్యలో మంచు భయం పోయాక బయట పెట్టి, మొలక కనిపించే దాకా నీరు తక్కువగా పోయండి.