నంబర్లు ఇద్దరివీ, అకౌంట్లు ఎవరివి వాళ్లవే

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మీది ఆండ్రాయిడ్ ఫోన్, మీ ఆవిడది ఐఫోన్. బంధువులు, డాక్టర్లు, గ్యాస్, ప్లంబర్ లాంటి నంబర్లు ఇద్దరి దగ్గరా ఉండాలి. ఒకరు మారిస్తే రెండోవారి ఫోన్‌లోనూ మారాలి. జీమెయిల్, ఫోటోలు, మెసేజీలు మాత్రం ఎవరివి వారివే. దీనికి దారి ఉంది. నంబర్ల కోసమే మూడో గూగుల్ అకౌంట్ ఒకటి తెరిచి, రెండు ఫోన్లలోనూ పెట్టుకుని, అందులోంచి కాంటాక్ట్స్ ఒక్కటే సింక్ అయ్యేలా, అంటే ఒక చోట మారిస్తే రెండో చోటా దానంతట అదే మారేలా, చూసుకోవాలి. మేము రెండేళ్లుగా ఇలాగే వాడుతున్నాం. అంతకు ముందు రెండు పద్ధతులు ప్రయత్నించి ఇబ్బంది పడ్డాం, వాటి గురించి కూడా చెబుతాను.

అసలు మాకు ఈ అవసరం ఎలా వచ్చిందంటే, మా అత్తయ్య రాజమండ్రిలో ఒక్కరే ఉంటారు. ఒకరోజు పొద్దున్నే బాత్రూమ్‌లో జారిపడ్డారు. ఫోన్ చేతికి అందేంత దూరంలోనే ఉంది కాబట్టి మా ఆయనకు చేశారు. ఆయన అప్పటికే ఢిల్లీ విమానంలో ఉన్నారు, ఫోన్ స్విచాఫ్. తర్వాత నాకు చేశారు. "లేవలేకపోతున్నానమ్మా, తలుపు గడియ పెట్టి లేదు, పక్కింటివాళ్లకి చెప్పు" అన్నారు. ఆ పక్కింటివాళ్ల నంబర్ నా దగ్గర లేదు. అత్తయ్యను చెప్పమంటే నొప్పితో ఆవిడకు ఫోన్‌లో వెతకడం కూడా రాలేదు. హైదరాబాద్‌లో కూర్చుని నలుగురు బంధువులకు ఫోన్లు చేసి ఆ నంబర్ సంపాదించేసరికి నలభై నిమిషాలు పట్టింది. మణికట్టు విరిగింది, అంతకు మించి ఏమీ కాలేదు. కానీ ఆ నలభై నిమిషాలు నేనిప్పటికీ మర్చిపోలేదు. ఆ నంబర్ మా ఆయన ఫోన్‌లో ఆరేళ్లుగా ఉంది.

ఆయన తిరిగొచ్చిన రాత్రే, తొందరలో, ఆయన గూగుల్ అకౌంట్‌ను నా ఫోన్‌లో లాగిన్ చేసేశాం. నంబర్లన్నీ వచ్చేశాయి. వాటితోపాటు ఆయన ఆఫీసు మెయిల్స్ నోటిఫికేషన్లు, క్యాలెండర్, అన్నీ వచ్చాయి. అంతకంటే పెద్ద సమస్య తర్వాత తెలిసింది. నేను కొత్తగా సేవ్ చేస్తున్న నంబర్లు నాకు తెలియకుండానే ఆయన అకౌంట్‌లోకి వెళ్తున్నాయి. నా స్నేహితురాలు ఒకామె ఇంట్లో కష్టాల్లో ఉండి, కొత్త నంబర్ తీసుకుని, అది నాకొక్కదానికే ఇచ్చింది. ఆ నంబర్ పేరుతో సహా మా ఆయన ఫోన్‌లో కనిపించింది. మా ఆయన మీద నాకు అనుమానం ఏమీ లేదు, ఆయన దాన్ని పట్టించుకోలేదు కూడా. కానీ ఆమె నమ్మి ఇచ్చింది నాకు, మా ఇద్దరికీ కాదు. భార్యాభర్తల మధ్య దాపరికం ఎందుకని ఎవరైనా అంటే నేను ఈ ఒక్క మాటే చెబుతాను: మన ఫోన్‌లో ఉన్న నంబర్లు మనవి కావు, వేరేవాళ్లవి. వెంటనే ఆయన అకౌంట్‌ను నా ఫోన్‌లోంచి తీసేశాను. తీసేయగానే ఆ నెల రోజుల్లో నేను సేవ్ చేసుకున్న నంబర్లు కూడా నా ఫోన్‌లోంచి పోయాయి. అవి ఆయన అకౌంట్‌లో భద్రంగానే ఉన్నాయి కానీ, ఒక్కొక్కటీ ఏరుకుని మళ్లీ నా వైపు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఐఫోన్లు రెండూ ఉన్నవాళ్లు ఒకే యాపిల్ ఐడీ వాడుకుందాం అనుకుంటారు, అదీ వద్దు. కాల్ హిస్టరీ, మెసేజీలు కూడా కలిసిపోతాయి.

రెండోసారి అన్ని కాంటాక్ట్స్‌నీ వీసీఎఫ్ ఫైల్‌గా (పేర్లు, నంబర్లు దాచే ఫైల్) చేసి వాట్సాప్‌లో పంపుకున్నాం. ఇది ఫోటో తీసినట్టు, ఆ రోజుకి ఉన్నది వస్తుంది, అంతే. మూడు నెలల్లో పనమ్మాయి నంబర్ మారింది, ఒకరి దగ్గర కొత్తది, ఇంకొకరి దగ్గర పాతది. మళ్లీ ఫైల్ పంపుకుంటే ప్రతి పేరూ రెండేసిసార్లు వచ్చింది. పైగా నా పాత ఫోన్‌లోంచి వచ్చిన తెలుగు పేర్లు కొన్ని చోట్ల సమానం గుర్తులు, అంకెలతో నిండిపోయి కనిపించాయి. ఒక్కసారి నంబర్లు ఇవ్వడానికి ఈ పద్ధతి చాలు, రోజూ కలిసి వాడుకోవడానికి పనికిరాదు.

గూగుల్ క్యాలెండర్‌ను మన అకౌంట్ నుంచి ఇంకొకరి అకౌంట్‌కు నేరుగా షేర్ చేయవచ్చు. కాంటాక్ట్స్‌కు మామూలు జీమెయిల్ అకౌంట్లలో ఆ సౌకర్యం లేదు, కంపెనీలు డబ్బు కట్టి వాడే వర్క్‌స్పేస్‌లో మాత్రం ఇతరులకు అప్పగించే వీలుంది. యాపిల్ ఫ్యామిలీ షేరింగ్‌లో కొనుగోళ్లు, స్టోరేజీ, క్యాలెండర్ పంచుకోవచ్చు కానీ కాంటాక్ట్స్ రావు. అందుకే మూడో అకౌంట్.

ఆ అకౌంట్ తెరిచేటప్పుడు రికవరీ ఫోన్ ఒకరిది, రికవరీ మెయిల్ ఇంకొకరిది ఇవ్వండి. టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తోపాటు రెండో తనిఖీ) పెట్టాక గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, వాటిని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. ఈ మెయిల్ ఐడీని బ్యాంకుకి, షాపింగ్‌కి, దేనికీ ఇవ్వకండి. ఇది నంబర్ల పుస్తకం మాత్రమే.

మీ ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో అకౌంట్స్ అనే చోట ఈ కొత్త అకౌంట్‌ను జోడించి, వెంటనే దాని అకౌంట్ సింక్‌లోకి వెళ్లండి. కాంటాక్ట్స్ ఒక్కటి ఉంచి జీమెయిల్, క్యాలెండర్, డ్రైవ్, మిగతావన్నీ ఆపేయండి. మీ ఆవిడ ఐఫోన్‌లో సెట్టింగ్స్, యాప్స్, కాంటాక్ట్స్, అక్కడ కాంటాక్ట్స్ అకౌంట్స్‌లో గూగుల్‌ను జోడించాలి. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18 కంటే పాతదైతే యాప్స్ అనే మెట్టు ఉండదు, కాంటాక్ట్స్ నేరుగా సెట్టింగ్స్‌లోనే కనిపిస్తుంది. జోడించేటప్పుడు మెయిల్, క్యాలెండర్, నోట్స్ ఆపి, కాంటాక్ట్స్ మాత్రమే ఉంచండి. మీరు మార్చింది ఆమె ఐఫోన్‌లో అప్పటికప్పుడు కనిపించకపోవచ్చు, కాసేపు ఆగాలి. మొదటి రోజు నేను సింక్ అవడం లేదని టెన్షన్ పడి రెండుసార్లు అకౌంట్ తీసేసి మళ్లీ పెట్టాను, ఆ అవసరం లేదు.

ఇక్కడ ఒక సెట్టింగ్ గురించి గట్టిగా చెప్పాలి. కొత్త నంబర్ సేవ్ చేస్తే అది ఏ అకౌంట్‌లోకి వెళ్లాలి అన్నది, అంటే డిఫాల్ట్ అకౌంట్. చాలామంది ఉమ్మడి అకౌంట్‌ను డిఫాల్ట్‌గా పెట్టమంటారు, అన్నీ దానంతట అవే పంచుకోబడతాయి కదా అని. నేను వద్దంటాను. ఇద్దరూ ఎవరి సొంత అకౌంట్‌ను వాళ్లు డిఫాల్ట్‌గా ఉంచుకోండి. పంచుకోవాల్సిన నంబర్ మర్చిపోతే రేపు కలుపుకోవచ్చు. పంచుకోకూడనిది వెళ్లిపోతే వెనక్కి తీసుకోలేం. ఆండ్రాయిడ్‌లో గూగుల్ కాంటాక్ట్స్ యాప్‌లో ఆ మనిషి కార్డు తెరిచి మూడు చుక్కలు నొక్కితే వేరే అకౌంట్‌కి మార్చే వీలుంది, ఒక్కొక్కటీ అలా పంపవచ్చు. మా ఆయనవి కొన్ని యాపిల్ వాళ్ల ఐక్లౌడ్‌లో ఉండేవి. కంప్యూటర్‌లో ఐక్లౌడ్ సైట్ తెరిచి, కావలసినవి ఏరి వీకార్డ్ (అదే వీసీఎఫ్) ఫైల్‌గా దించుకుని, ఉమ్మడి అకౌంట్‌తో గూగుల్ కాంటాక్ట్స్ సైట్‌లోకి వెళ్లి ఎక్కించాం. సిమ్‌లోనో, ఫోన్‌లోనో సేవ్ అయిన పాత నంబర్లు ఏ అకౌంట్‌తోనూ సింక్ కావు, వాటిని కూడా ఒకసారి చూసుకోండి.

ఇంతవరకు సాంకేతికం, ఒక గంట పని. మాకు నిజంగా కష్టమైంది పేర్ల దగ్గర. మన ఇళ్లల్లో నంబర్లు పేర్లతో ఉండవు, వరసలతో ఉంటాయి. నా ఫోన్‌లో "అమ్మ" అంటే ఏలూరులో ఉన్న మా అమ్మ. ఆయన ఫోన్‌లో "అమ్మ" అంటే మా అత్తయ్య. ఆయన తన కార్డును ఉన్నది ఉన్నట్టు ఉమ్మడి పుస్తకంలోకి పంపారు. నా ఫోన్ ఒకే పేరున్న రెండు కార్డుల్నీ ఒకటిగా కలిపి చూపించింది, ఒక "అమ్మ" కింద ఇద్దరి నంబర్లు. నేను మా అమ్మ అనుకుని అత్తయ్యకు ఫోన్ చేసి, ఆవిడ "హలో" అనకముందే ఏదో మా ఇంటి సంగతి మొదలుపెట్టేశాను. అలాగే ఆయన "వదిన" మా తోడికోడలు, నా "వదిన" మా అన్నయ్య భార్య. ఆయనకు ముగ్గురు బాబాయిలు, నాకు ఇద్దరు. "బావ" అంటే నాకు అక్క భర్త, ఆయనకు మేనత్త కొడుకు. వరస అనేది చెప్పేవాళ్లని బట్టి మారుతుంది, ఫోన్‌కి ఆ సంగతి తెలియదు.

కాబట్టి ఉమ్మడి పుస్తకంలో ఒక నియమం పెట్టుకున్నాం. ఇద్దరిలో ఎవరు చదివినా ఒకే మనిషి గుర్తుకు రావాలి. ఊరు, పేరు, అంతే. "రాజమండ్రి అమ్మ", "ఏలూరు అమ్మ". మా పిల్లలు ఎలాగూ రాజమండ్రి నాయనమ్మ, ఏలూరు అమ్మమ్మ అనే అంటారు కాబట్టి నోటికి తేలిగ్గానే పట్టింది. బాబాయిలకు పేరు ముందు, ఊరు వెనక. పనివాళ్లకైతే పని ముందు రాయాలి, ఎలక్ట్రీషియన్ పేరు అవసరమప్పుడు ఎవరికీ గుర్తురాదు. మళ్లీ ఇంకో చిక్కు: నేను తెలుగులో రాస్తాను, ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో. ఆయన రాసింది నేను వెతికితే దొరికేది కాదు, నేను రాసింది ఆయనకు దొరికేది కాదు. చివరికి ఉమ్మడి పుస్తకం మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకున్నాం, ఆయన కారు స్క్రీన్ మీద తెలుగు పేర్లు గళ్లు గళ్లుగా కనిపించడం వల్ల. నా సొంత అకౌంట్‌లో మాత్రం ఇప్పటికీ తెలుగే. మీ ఇంట్లో తెలుగు పెట్టుకోగలిగితే తెలుగే పెట్టుకోండి, కానీ ఏదో ఒకటే ఉండాలి.

వాట్సాప్ విషయం ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ప్రొఫైల్ ఫోటో, లాస్ట్ సీన్ "మై కాంటాక్ట్స్" అని పెట్టుకుని ఉంటే, ఉమ్మడి అకౌంట్ ఫోన్‌లో పెట్టిన క్షణం నుంచి ఆ పుస్తకంలో ఉన్న వాళ్లందరూ మీ కాంటాక్ట్సే. మీ ఆవిడ కలిపిన నీళ్ల క్యాన్ల అబ్బాయికి మీ ఫోటో కనిపిస్తుంది, మీరు కలిపిన మెకానిక్‌కి ఆమె ఫోటో కనిపిస్తుంది. ఇది నాకు నచ్చలేదు. "మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్" అనే ఆప్షన్‌లో అలాంటి వాళ్లని ఎంచి పక్కన పెట్టుకోవచ్చు. ఇంకో జాగ్రత్త, కాంటాక్ట్స్ చూడటానికి ఏ యాప్‌కి అనుమతి ఇచ్చినా అది ఇప్పుడు మీ ఆవిడ తరఫు బంధువుల నంబర్లూ చదువుతుంది. లోన్ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్ట్ లిస్టు జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. అయినా అడిగే యాప్ ఏదైనా కనిపిస్తే అనుమతి ఇవ్వకండి. ఇద్దరూ ఒకసారి కూర్చుని ఏ యాప్‌లకు ఆ అనుమతి ఉందో చూసి, అక్కర్లేని వాటికి తీసేయండి. ఐఓఎస్ 18 నుంచి ఐఫోన్‌లో యాప్‌కి అన్ని నంబర్లూ కాకుండా ఎంచుకున్నవి మాత్రమే చూపించే వీలు కూడా ఉంది.

ఒకరు డిలీట్ చేస్తే ఇద్దరి దగ్గరా పోతుంది. మా ఆయన ఒకసారి పాతవి శుభ్రం చేస్తున్నానని పిల్లల డాక్టర్ నంబర్ తీసేశారు. గూగుల్ కాంటాక్ట్స్‌లో తీసేసినవి 30 రోజులు ట్రాష్‌లో ఉంటాయి, అక్కడి నుంచి తిరిగి తెచ్చుకున్నాం. చాలా నంబర్లు ఒకేసారి చెడిపోతే, కంప్యూటర్‌లో ఆ సైట్ తెరిచి గడిచిన 30 రోజుల్లో ఏదో ఒక సమయానికి మొత్తం లిస్టును వెనక్కి తిప్పే "అన్‌డూ ఛేంజెస్" కూడా ఉంది. ఫోన్ పోతే ఇంకో ఫోన్ నుంచి ఆ అకౌంట్ సెక్యూరిటీ పేజీలోకి వెళ్లి పోయిన ఫోన్‌ను సైన్ అవుట్ చేయండి, మీ సొంత అకౌంట్‌తోపాటు దీనికి కూడా.

గూగుల్ వద్దనుకునే వాళ్లు కాంటాక్ట్స్‌ను సింక్ చేసే కార్డ్‌డావ్ అనే పద్ధతిలో సొంత సర్వర్ (నంబర్లు దాచి ఫోన్లకు అందించే కంప్యూటర్) పెట్టుకుంటారు, ఐఫోన్ దాన్ని నేరుగా తీసుకుంటుంది, ఆండ్రాయిడ్‌కి డావ్‌ఎక్స్5 లాంటి యాప్ కావాలి. సర్వర్ చూసుకునే ఓపిక ఉంటేనే.

మీ ఇద్దరి ఫోన్లలో కలిపి వెయ్యి నంబర్లు ఉన్నాయని రాశారు. అన్నీ కలపాలని చూడకండి. మా ఉమ్మడి పుస్తకంలో రెండేళ్ల తర్వాత కూడా నూట ఇరవై మించి లేవు. ఈ రాత్రికి ఓ పదిహేను చాలు: రెండు వైపుల అమ్మానాన్నలు, వాళ్ల పక్కింటివాళ్లు, వాళ్ల వీధిలోనే ఉండే బంధువు ఒకరు, వాళ్లు చూపించుకునే డాక్టరు, వాళ్లకు మందులు తెచ్చిచ్చే షాపు, పిల్లల స్కూలు వ్యాను డ్రైవరు, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. పక్కింటివాళ్ల నంబర్ మీ దగ్గర కూడా లేకపోతే రేపే మీ అమ్మగారిని అడిగి తీసుకోండి.