పాత ల్యాప్‌టాప్‌లో డూమ్: ఏ వెర్షన్ మంచిది?

పర్లాకిమిడి తమ్ముడూ, ఎమ్యులేటర్‌లో (పాత గేమ్ కన్సోల్‌ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) సూపర్ నింటెండో కన్సోల్‌కి చేసిన షూటింగ్ గేమ్ డూమ్ నత్తలా కదులుతోంది, ల్యాప్‌టాప్ మార్చాలా అని అడిగావు కదా. వద్దు. 1995లో వచ్చిన ఆ పోర్టే (పీసీ గేమ్‌ని ఆ కన్సోల్‌కి మార్చిన వెర్షన్) అంత. కార్ట్రిడ్జ్‌లో అదనపు చిప్ పెట్టినా నేలకీ పైకప్పుకీ టెక్స్చర్లు (పైన అతికించే బొమ్మలు) లేవు. అటారీ జాగ్వార్ కన్సోల్‌ది వేగంగానే నడుస్తుంది గానీ ఆడుతుంటే సంగీతం రాదు. సెగా శాటర్న్ కన్సోల్ వెర్షన్ జోలికి పోకు. ప్లేస్టేషన్‌ది వేరే రుచి: రంగుల వెలుగులు, ఒళ్లు జలదరించే శబ్దాలు. మా బరంపురంలో ఓ రాత్రి కరెంటు పోయాక ఇయర్‌ఫోన్‌తో ఆడి, లేచి తలుపు గడియ చూసుకొచ్చాను!

అయినా నీకు 1993 నాటి పీసీ డూమే సరి. దాని సోర్స్ కోడ్ (ప్రోగ్రామ్ అసలు రాత) 1997లోనే బయటపెట్టారు కాబట్టి దాంతో చేసిన చాకొలేట్ డూమ్ లాంటి ప్రోగ్రామ్‌లు ఉచితం, పాత మెషీన్‌లోనూ హాయిగా నడుస్తాయి. ముందు షేర్‌వేర్ (ఉచితంగా పంచిన నమూనా) ఫైలుతో మొదటి ఎపిసోడ్ ఆడి చూడు.