పాత పోస్టుకార్డులు పోగేస్తానంటున్న వంశీకి

చిరంజీవి వంశీకి, బాబాయి ఆశీస్సులు.

నువ్వు ఆన్‌లైన్లో కొన్న పిక్చర్ పోస్టుకార్డుల ఫొటోలు చూశాను. చార్మినార్, మద్రాసు మౌంట్ రోడ్డు, ఇంకేదో గుడి. బాగున్నాయి గానీ అన్నీ బొమ్మవైపే తీసి పంపావు. కార్డు చేతికి రాగానే ముందు తిప్పి చూడటం అలవాటు చేసుకో. ఏ కాలంది, ఎంతకి కొనొచ్చు, అసలుదా కాదా అన్నవి చాలావరకు వెనకవైపే తేలిపోతాయి.

మొదట అక్కడ మధ్యలో నిలువుగీత ఉందో లేదో చూడు. తొలిరోజుల్లో ఆ వైపు చిరునామా తప్ప ఏమీ రాయకూడదు. కబురంతా బొమ్మ పక్కన మిగిలిన ఖాళీలో, గుడి గోపురం మీదుగా, ఆకాశంలోకి ఇరికించి రాసేవాళ్ళు. బ్రిటన్ 1902లో, అమెరికా 1907లో ఆ వైపే సగం చిరునామాకి, సగం కబురుకి ఒప్పుకున్నాయి. కాబట్టి గీత లేని కార్డయితే సుమారు ఆ కాలానికి ముందుదే. పాత సరుకు అయిపోయేదాకా అమ్మారు కనక కొన్నేళ్ళు అటూ ఇటూ అనుకో. తర్వాత తపాలా బిళ్ళ మీద ఏ రాజుది, ఏ రాణిది తల ఉందో చూడు. విక్టోరియా 1901లో పోయింది, ఏడో ఎడ్వర్డు 1910లో, ఐదో జార్జి 1936లో. ఆపైన పోస్టాఫీసు ముద్ర. బెజవాడ, కోకనాడ, వైజాగపటం అని ఇంగ్లీషు అక్షరాల్లో ఊరూ తేదీ గుండ్రంగా, చెదరకుండా పడిన కార్డు దొరికితే మూల కాస్త నలిగినా వదలకు.

మన హైదరాబాదు సంగతి వేరు. నిజాం రాజ్యానికి సొంత తపాలా ఉండేది, 1869 నుంచి సొంత బిళ్ళలు. అవి రాజ్యం పొలిమేర దాటితే చెల్లేవి కావు. నిజాం బిళ్ళ ఒక్కటే అంటించుకుని లండన్ వెళ్ళొచ్చిన కార్డని ఎవడైనా చూపిస్తే ఒక దండం పెట్టి వచ్చెయ్.

నకిలీల గురించి అడిగావు. స్కేలు పెట్టి కొలువు. అప్పటి కార్డులు ఎక్కువగా ఐదున్నర అంగుళాలకి మూడున్నర. ఆరుకి నాలుగు అంగుళాలున్న 'వందేళ్ళనాటి కార్డు' నిన్నమొన్న ప్రింటు చేసిందే. పది రెట్లు చూపించే భూతద్దం ఒకటి కొను, పెద్ద ఖరీదేం కాదు. ఇప్పటి ఆఫ్‌సెట్ ప్రింటయితే నీలం, ఎరుపు, పసుపు చుక్కలు పూలరేకుల్లా గుంపులుగా కనిపిస్తాయి. ఆనాటి కొలొటైపు ముద్రణలో ఆ వరస చుక్కలుండవు, సన్నటి ముడతల్లాంటి గరుకుతనం ఉంటుంది. అసలు ఫొటో కాగితం మీదే తీసిన కార్డయితే చుక్కలే ఉండవు. దాన్ని దీపం వెలుగులో ఏటవాలుగా పట్టుకుంటే నల్లటి చోట్ల, ముఖ్యంగా అంచుల్లో, వెండిపూత పూసినట్టు నీలంగా మెరుస్తుంది. ఆ మెరుపు వయసు మీద వచ్చేది. టీ నీళ్ళలో ముంచి ఎండబెట్టిన కార్డుకి రంగు వస్తుంది గానీ అది రాదు.

రంగులు చూసి మాత్రం చరిత్ర చెప్పకు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు మన దేశపు కార్డులు చాలా జర్మనీలో అచ్చయ్యాయి. నలుపు-తెలుపు ఫొటో పంపితే, మన ఊరెప్పుడూ చూడనివాళ్ళు చీరకి ఆకుపచ్చా, గోడకి గులాబీ వేసి పంపేవారు. కింద అచ్చువేసిన పేరూ అంతే. ఎవరో కూలికి పోయే ఆడమనిషిని నిలబెట్టి, ఫలానా కులపు స్త్రీ అని రాసి అమ్ముకున్న కార్డులు కోకొల్లలు. నాకవి చూస్తే ఒళ్ళు మండుతుంది. అయినా పారెయ్యను, ఆ కాలం మనల్ని ఎలా చూసిందో అందులో ఉంది.

అన్నీ కొనాలనుకుంటే ఇల్లూ చాలదు, జీతమూ చాలదు. ఏదో ఒకటి పట్టుకో. నేను గోదావరి దాటి పోలేదు: రాజమండ్రి దగ్గర 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన, ధవళేశ్వరం ఆనకట్ట, రేవుల్లో పడవలు. ఊరొద్దనుకుంటే ఒక ప్రచురణకర్తని పట్టుకో. మద్రాసులో వీలే అండ్ క్లైన్, హిగ్గిన్‌బోథమ్స్ వాళ్ళు వేసినవి మన వైపు బాగానే దొరుకుతాయి. రవివర్మ ప్రెస్సు దేవుళ్ళ జోలికి మాత్రం ఇప్పుడే పోకు. వాటికి నకళ్ళెక్కువ, ఆ తేడా పట్టడానికి నీ కన్ను ఇంకొంచెం ముదరాలి.

కొనడానికి ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గరికి పో. కార్డులు విడిగా అడిగితే రేటు పెరుగుతుంది. పుస్తకాలు తిరగేస్తుండు, పేజీ గుర్తుకి పెట్టుకున్నవి వాటిలో అప్పుడప్పుడు ఉంటాయి. నచ్చింది కనపడగానే మొహం చాటంత చేసుకోకు.

దాచడం దగ్గర బద్ధకించొద్దు. మెత్తగా ఉండి, తెరవగానే ఘాటు వాసన కొట్టే పీవీసీ కవర్లు వద్దు, కొన్నాళ్ళకి సిరాని లాక్కుంటాయి. కరకరలాడే పాలీప్రొపిలీన్ కవర్లు తీసుకో. సెలోటేపు, లామినేషన్ మాట తలపెట్టకు. బిళ్ళ ఊడదీయకు. కలరా ఉండలు ప్లాస్టిక్కీ ఫొటోలకీ పడవు, బీరువాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టు చాలు. ఏదైనా రాసుకోవాలంటే మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా, వెనక మూలన.

ఇక డబ్బు పెట్టకుండా దొరికేవి. బొమ్మ లేని మామూలు కార్డుముక్క మన దేశంలో 1879లో కాణీకి, అంటే పావు అణాకి, మొదలైంది. మన నాన్నమ్మ ఇంట్లో వచ్చిన ఉత్తరాలన్నీ దూలానికి వేలాడే కమ్మికి గుచ్చేవారు. అందుకే ఆ కార్డులకి నడిమధ్య చిల్లు ఉంటుంది. చిల్లుంటే బజారులో ధర పడిపోతుంది, నువ్వు మాత్రం పట్టించుకోకు. పెళ్ళి కబురు కార్డుకి మూలల్లో పసుపు మరక, ఇంటివాళ్ళు మరచిపోయిన దస్తూరీ, 'ఉభయకుశలోపరి' తర్వాత సగం లైనులో అప్పు అడగటం. చావు కబురు కార్డులు మాత్రం దొరకడం కష్టం, చదివిన చోటే చింపేసేవారు. ఎవరింటి కార్డైనా ఇన్‌స్టాలో పెట్టేముందు ఆ ఇంటివాళ్ళని అడుగు, చిరునామా కప్పెయ్.

నాన్నమ్మ ట్రంకు పెట్టె ఇంకా మీ అత్తయ్య వాళ్ళ అటక మీదే ఉంది. సంక్రాంతికి ముందు సున్నాలు వేయిస్తానంటోంది, అటక మీది కాగితాలన్నీ పాత సామాన్ల బండికి వేసేస్తుంది. ఈ వారంలోనే ఫోన్ చేసి ఆపు.

మీ బాబాయి